వచ్చే ఏడాది వచ్చే ఇంజిన్

నష్టపోవడంలో నాకు పోటీ వచ్చేవాడు బిలాస్‌పూర్‌లో లేడని ఎవరి ముందైనా గర్వంగా చెప్పగలను. అందరూ తొందరపడి నష్టపోతారు, లేకపోతే తాగి, లేకపోతే బావమరిదిని నమ్మి. నేను పదిహేను రోజులు ఆలోచించి, కాగితం మీద రాసుకుని, మంచిరోజు చూసుకుని మరీ నష్టపోయాను. నాది మోటారుసైకిల్ విడిభాగాల కొట్టు, వెనక గదిలో మూడువందల యాభై సీసీ బండి సామాను ఉండేది. పిస్టన్లు, రింగులు, వాల్వులు, క్లచ్ ప్లేట్లు, గ్రీజు కాగితం కూడా విప్పనివి, పదకొండు గోనెలు. వాటిని తఖత్‌పూర్ నుంచి వచ్చిన తుక్కు వ్యాపారికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశాను. కాటా దగ్గర నిలబడి రెండువందల గ్రాముల తేడా కోసం అతనితో అరగంట పోట్లాడాను కూడా. ఆ పోట్లాటలో నేనే గెలిచాను.

పాత ఇంజిన్ల రోజులు అయిపోయాయనీ, వచ్చే ఏడాది కొత్తది వస్తోందనీ నాకు చెప్పినవాడు రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టరు. ఇది జరిగి పద్నాలుగేళ్ళు దాటింది. ఆ పాత ఇంజిన్ ఇంకా తయారవుతూనే ఉంది, ఇంకా నా కొట్టు ముందు ఆగుతూనే ఉంది. మరుసటి ఏడు ఆ తుక్కు వ్యాపారి దగ్గరే నా పిస్టన్లని నేనే రెండింతలు పెట్టి కొనుక్కున్నాను. రెండున్నర ఇంతలు చెప్పాడు, రెండుకి దించాను.

మొన్న ఒక కంపెనీ ఏజెంటు వచ్చి, నా కౌంటరు మీద రంగుల కాగితం ఒకటి పరిచాడు. కొండలెక్కే బండి, పెద్ద ఇంజిన్, త్వరలో వస్తోంది అని రాసి ఉంది. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఫిట్టరుకి చూపిద్దామని. పెట్టుకున్నాక గుర్తొచ్చింది, పోయిన వానాకాలంలోనే ఆయన పోయాడని.

పేరు రాయను. షెడ్‌లో ఆయన్ని సీసీ బాబు అనేవారు. ఆయనకి ప్రపంచంలో ప్రతిదానికీ ఒక సీసీ ఉండేది. మా నాన్న కోపం గురించి, "మూడొందల యాభై సీసీ. పొగ ఎక్కువ, పికప్ తక్కువ" అన్నాడు ఒకసారి, మా నాన్న వింటుండగానే. పెళ్ళిలో మంత్రాలు గబగబా చదివే పంతుల్ని చూసి, "టూ స్ట్రోకు. నూనె కలపకుండా నడిపేస్తన్నాడు" అన్నాడు. నా సంగతి అడిగితే చాలాసేపు నన్ను పరీక్షగా చూసి, "నువ్వు బండివి కాదు సేటూ, పెట్రోలు బంకువి. ఎవడొచ్చినా నీకు లాభమే" అన్నాడు.

మనిషి పొట్టి. చెవి మీద ఎప్పుడూ వడ్రంగుల చదును పెన్సిల్. బండి ఏదైనా సరే, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కి ఆనించి, చెక్కపిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. విన్నాక వెంటనే చెప్పడు. చాయ్ తెప్పించాలి. చాయ్ సగం అయ్యాక, "ఎడం పక్క టాపెట్ లూజు" అని గ్లాసు కింద పెట్టేవాడు. రైల్వే కాలనీలో ఎవరి బండికి జబ్బు చేసినా ఆయన క్వార్టర్ ముందు నిలబడవలసిందే. పైసా తీసుకునేవాడు కాదు. ఆయనకి మాత్రం బండి లేదు. సైకిల్ మీద షెడ్‌కి వెళ్ళేవాడు.

"అన్నయ్యా, ఊళ్ళో బండ్లన్నీ నీ చేతిలోవే. నువ్వేటి సైకిల్ తొక్కుతావు?" అని అడిగాను.

"ఇయ్యి ఊరు తిరగడానికి బండ్లు సేటూ. కొండెక్కే ఇంజిన్ వస్తాది. అప్పుడు కొంటాను."

ఆయన ఎక్కాలనుకున్న కొండ మామూలుది కాదు. లేహ్, ఉత్తరాది మంచుకొండల్లో. చిత్తుకాగితాల దుకాణంలో విదేశీ మోటారు పత్రికలు ఏరుకొచ్చి చదివేవాడు. ఇంగ్లీషువి కూడబలుక్కుని, ఇంకేదో భాషవి బొమ్మలు చూసుకుని. ఎడారుల్లో, కొండల్లో పరుగెత్తే బండ్లు. రెండు పక్కలా చెవుల్లాగ సిలిండర్లు పొడుచుకొచ్చినవి, వీ ఆకారంలో నిలబెట్టినవి. నా బిల్లు పుస్తకం వెనక అట్ట మీద ఆ చదును పెన్సిల్‌తో గీసి చూపించేవాడు. "మనిషికే ఊపిరాడని ఎత్తులో ఇంజిన్‌కి ఎలగాడతాది? ఒక్క సిలిండర్ సాలదు. రెండుండాల. ఒక్కోదానికి నాలుగు వాల్వులుండాల. మన దేశంలోకి వచ్చేస్తాది, ఎంతోకాలం లేదు."

ఎలా తెలుసు అంటే, విశాఖ పోర్టులో ఆయన తోడల్లుడు క్లర్కు. "చెక్క పెట్టె దిగిందట సేటూ. ఇంత పెట్టె. లోపల ఏటున్నాదో రాయలేదట. ఇంత పెట్టెలో వంద సీసీ ఇంజిన్ పెట్టరు కదేటి?"

ఆ పెట్టె మాట మీద నేను పదకొండు గోనెలు అమ్మాను.

ఎందుకు నమ్మానో చెప్పకపోతే నన్ను మరీ వెర్రివాడనుకుంటారు. మా తాత ఇచ్ఛాపురం నుంచి వచ్చి రైల్వే తెలుగువాళ్ళకి చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మినవాడు. నాన్నది కిరాణా. ముగ్గురు మావయ్యలకీ మూడు కొట్లు. మా ఇళ్ళల్లో చెప్పిన ధర ఎప్పుడూ అసలు ధర కాదు. అందులో అవతలివాడు దించుకోవడానికి జాగా వదులుతాం. అతను దించుతాడు, మనం ఏడుస్తాం, ఇద్దరం సంతోషంగా విడిపోతాం. అందువల్ల మా దగ్గరకొచ్చే ప్రతి మనిషీ నోరు విప్పగానే మొదట అబద్ధమే ఆడతాడు. "పక్క కొట్లో ఇంతకే ఇస్తన్నాడు" అంటాడు. పుట్టినప్పటినుంచీ అదే వింటూ పెరిగాను.

ఈయన బేరమాడడు. పొద్దున్నే షెడ్‌కి వెళ్తూ ఎవరి బండి కోసమో ఒక వాషరో, ఒక స్ప్రింగో అడిగేవాడు. నేను చెప్పినంతా కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. మొదటి వారం సంతోషించాను. రెండో వారం ఆయన డబ్బు తీసుకుంటుంటే దొంగతనం చేసినట్టు అనిపించింది. మూడో వారం నుంచి అసలు ధరే చెప్పడం మొదలుపెట్టాను. మా వంశంలో అది మొదటిసారి. పైగా ఆయన చేతి బోణీ అయిన రోజు బేరాలు బాగా సాగేవి. ఆయన వచ్చేదాకా మొదటి గిరాకీని చాయ్ ఇచ్చి కూచోబెట్టేవాణ్ణి. బేరమాడని మనిషి అబద్ధం ఆడడని నాకు ఒక నమ్మకం ఏర్పడింది. అబద్ధం ఆడకుండానే మనిషి తప్పు చెప్పగలడన్న సంగతి కొట్లో పెరిగినవాడికి తట్టదు.

గోనెల సంగతి తెలిసి ఆయన నొచ్చుకున్నాడు. "నా తప్పు కాదు సేటూ. పెట్టెది" అన్నాడు. అయినా రోజూ పొద్దున్న అదే పలకరింపు. సైకిల్ దిగుతూనే, "ఏటి సేటూ, ఏటైనా కబురొచ్చిందా?" కంపెనీల ఏజెంట్లు నా కొట్టుకే వస్తారు కదా, కొత్త ఇంజిన్ కబురు మొదట నాకే తెలుస్తుందని ఆయన లెక్క.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. మనాలి మీదుగా లేహ్ వెళ్ళే దారి మామూలు జనానికి కూడా తెరిచారని పేపర్లో వచ్చింది. ఆయన ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెమటకి అక్షరాలు చెరిగిపోయేదాకా పెట్టుకున్నాడు.

"రైల్వే పాసుంది కదా అన్నయ్యా. జమ్ము దాకా రైల్లో ఊరికే వెళ్ళొచ్చు. అక్కణ్ణించి బస్సు" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఇరవై ఆరేళ్ళు సర్వీసు. పట్టాల మీద నడిచే ఇంజిన్లే బాగుచేసేను. పట్టాలు ఎక్కడికేస్తే అక్కడికే కదేటి అయ్యి వెళ్ళేది? ఒక్కసారి పట్టాల్లేని చోటికి ఇంజిన్ మీద వెళ్ళాల. ఒక్కసారి చాలు."

అప్పటికే ఆయనకి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. బీడీ మానమని డాక్టరు చెప్పాడు, మానలేదు.

ఆ తర్వాతి వేసవిలో నా కొట్టుకి ఒక బండి అమ్మకానికి వచ్చింది. బొగ్గు గనుల్లో పనిచేసి బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆఫీసరుది. అదే పాత మూడువందల యాభై సీసీ, కానీ పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఈయన వచ్చి కౌంటరు దాకా రాకుండా దాని దగ్గరే ఆగిపోయాడు. స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. చాయ్ తెప్పించాను. చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టలేదు.

"ఏటన్నయ్యా, జబ్బా?"

"ఏ జబ్బూ లేదు. ఇది చాలు సేటూ."

నాకు అర్థం కాలేదు.

"కొత్త ఇంజిన్ వచ్చినప్పుడు వస్తాది. దాని కోసం నా ఊపిరి ఆగదు కదేటి. కార్బురేటర్లో పెట్రోలొచ్చే మెయిన్ జెట్ చిన్నది వేస్తే ఇదే ఎక్కేస్తాది. జూన్‌లో నెల్లాళ్ళు సెలవు పెట్టీసేను. పీఎఫ్‌లోంచి డబ్బు పదిరోజుల్లో వస్తాది. ధర చెప్పు."

చెప్పాను. సరే అన్నాడు. రెండు చిన్న జెట్లు అప్పుడే కొనుక్కుని, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సైకిల్ ఎక్కబోయి దిగి, నడిపించుకుంటూ వెళ్ళాడు. నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి బండిని చూశాడు. అడ్వాన్సు నేను అడగలేదు. బేరమాడని మనిషిని అడ్వాన్సు అడగడానికి నోరు రాలేదు.

ఐదోరోజున రాజ్‌కిశోర్ నగర్‌లో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు ఒకడు వచ్చాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "అమ్ముడైపోయింది భాయ్" అన్నాను. "అయిపోతే ఇంకా ఇక్కడే ఎందుకుంది?" అని, ఫిట్టరుకి చెప్పిన ధర మీద తొమ్మిది వందలు ఎక్కువ తీసి కౌంటరు మీద పెట్టాడు.

ఆ క్షణంలో నా బుర్ర పనిచేసిన వేగం ఏ నాలుగు వాల్వుల ఇంజిన్‌కీ ఉండదు. ఈయన డబ్బు వస్తుందో రాదో. సర్కారీ కాగితం, ఎక్కడైనా ఆగొచ్చు. పైగా పదకొండు గోనెలు పోయింది ఎవరి మాట మీద? దానికి ఇది చెల్లు. ఇంకో సంగతి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన నెల్లాళ్ళు కొండల్లోకి పోతే నా బోణీ ఎవరు చేస్తారు?

తాళం చెవి ఇచ్చేశాను.

పదోరోజున ఆయన కవరుతో వచ్చాడు. బండి ఉండే చోటు చూశాడు. నన్ను చూశాడు. నేను రాత్రే తయారుచేసుకున్న మాట బయటికి తీశాను.

"అన్నయ్యా, నీ మంచి కోసమే పంపించేశాను. కబురొచ్చింది."

"ఏటి కబురు?"

"ఇంజిన్. ఏజెంటు చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆరు నెలల్లో. ఈ పాత బండి కొని కూచుంటే నువ్వు ఏడుస్తావు."

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు. "గియ్యి."

గీశాను. ఇన్నేళ్ళూ ఆయన నాకు గీసి చూపించిన ఇంజిన్నే ఆయనకి గీసి చూపించాను. వీ ఆకారం, రెండు సిలిండర్లు, నాలుగేసి వాల్వులు, నీళ్ళతో చల్లబడేది.

"రేడియేటర్ ఎక్కడెట్టేరు?"

"కింద," అన్నాను, తోచక.

"కిందా? రాయి తగల్దేటి?"

"జాలీ పెట్టారట."

చాలాసేపు ఆ బొమ్మని చూశాడు. కవరు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "అచ్ఛా. ఆర్నెల్లే కదేటి" అన్నాడు. ఆ రోజు ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు మామూలుగా వచ్చి ఒక వాషర్ కొన్నాడు. "ఏటి సేటూ, కబురొచ్చిందా?"

అక్కణ్ణించి ఆ ఇంజిన్‌ని పోషించడం నా పని అయింది. గేర్‌బాక్స్ దగ్గర ఆగిందన్నాను. కంపెనీలో సమ్మె అన్నాను. నీళ్ళ పంపు విదేశాల నుంచి రావాలన్నాను. ఆయన ప్రతిదీ శ్రద్ధగా వినేవాడు, అప్పుడప్పుడు ఒక ప్రశ్న వేసేవాడు. ఆ ప్రశ్నకి జవాబు కోసం నేను పత్రికలు చదవవలసి వచ్చేది. ఒక్కోసారి నాకే ఆ ఇంజిన్ నిజంగా ఎక్కడో తయారవుతోందనిపించేది.

ఆ చలికాలం ఆయన ఊపిరి దెబ్బతింది. డాక్టరు ఎత్తైన చోట్లకి అసలు వెళ్ళకూడదన్నాడు. షెడ్‌లో లైట్ డ్యూటీ ఇచ్చి టూల్ రూమ్‌లో కూచోబెట్టారు. "ఛాతీలో ఎయిర్ ఫిల్టర్ జామైపోనాది సేటూ. మార్కెట్‌లో దొరకదట" అన్నాడు. తర్వాతి జూన్ వచ్చి వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది. ఆయన రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి, అర్పా నది అవతల సర్కండాలో అద్దె ఇంట్లో దిగాడు. సైకిల్ తొక్కలేక ఆటోలో వచ్చేవాడు. ఒక వాషర్ కోసం ఆటోలో రావడం చూసి మా నాన్న, "ఈడికేటి పిచ్చా?" అన్నాడు.

చివరి వేసవిలో ఆటోలో కూడా రాలేకపోయాడు. ఒక మధ్యాహ్నం బత్తాయిలు పట్టుకుని నేనే వెళ్ళాను. వదిన తలుపు తీసింది.

"రా బాబూ. పడుకుంటే ఊపిరాడదు, అలాగ కూచునే ఉంతన్నారు. నీ కోసమే అడుగుతన్నారు. కొట్టు నుంచి ఏటైనా కబురొచ్చిందా అని."

మంచం మీద రెండు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. ముందు గాలి పీల్చుకుని, ఆ తర్వాత మాట.

"ఏటి సేటూ. కబురొచ్చిందా?"

నాకు అంతరాత్మ మేలుకుందని ఎవరూ అనుకోవద్దు. అలిసిపోయాను. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు తయారుచేసే ఓపిక లేకపోయింది, అంతే.

"రాలేదన్నయ్యా. ఎప్పుడూ రాలేదు. ఆ ఇంజిన్ లేదు. నేనే కల్పించాను."

ఆయన నవ్వబోతే దగ్గొచ్చింది. వదిన నీళ్ళిచ్చి వీపు రాసింది. దగ్గు తగ్గేదాకా నేను నేల చూస్తూ కూచున్నాను.

"తెలుసులే," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"నువ్వు బొమ్మ గీసిన వారం తిరక్కుండా ఆ కాంట్రాక్టరు బండి నా కాడికే తెచ్చేడు. టాపెట్లు సెట్ చెయ్యమని. ఎంతకి కొన్నాడో చెప్పేడు కూడా. తొమ్మిదొందలు ఎక్కువిచ్చేడు కదేటి?"

"నువ్వేం చేశావు?" అన్నాను.

"ఏటి చేస్తాను? సెట్ చేసిచ్చేను. బండి మంచిది."

"మరి ఇన్నేళ్ళూ రోజూ వచ్చి కబురడిగావు కదా?"

"మానేస్తే, నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదేటి? అప్పుడు పొద్దున్నే నా మొహం సూసి బోణీ ఎలగ చేస్తావు?" కాసేపు గాలి పీల్చుకున్నాడు. "ఊరికే కుమిలిపోకు. వెళ్ళకపోడానికి సగం నువ్వు, సగం నేను. కావాలంటే రాయ్‌పూర్‌లో ఇంకో బండి దొరికీది. సూడలేదు. అబద్ధమని తెలిసీ, ఏమో, నిజంగానే వస్తాదేమోనని ఒక పక్క ఉండీది. నువ్వు బాగా చెప్పేవోడివి."

వదిన బత్తాయి ఒలిచి ఇద్దరికీ పెట్టింది. ఆయన రెండు తొనలు తిన్నాడు. ఆ వేసవి అయ్యాక వానలు మొదలయ్యాయి.

నాకు తెలిసినంతలో ఆయన జన్మలో ఆడిన బేరం ఆ సగం ఒక్కటే, అదీ నా తరఫున. ఆ మధ్యాహ్నం నేను ఒప్పుకుని, తేలికపడి ఇంటికొచ్చాను. ఇప్పుడు ఒప్పుకోను. బండి పోయిందన్నయ్యా, ఇంకోటి చూసిపెడతాను అని ఉంటే వారంలో చూసిపెట్టగలిగేవాణ్ణి, ఊళ్ళో నాకు తెలియని బండి లేదు. అలా అంటే ఆయన వెళ్ళిపోతాడనే ఇంజిన్ మాట ఎంచుకున్నాను. ఆయన దేనికి ఆగుతాడో నాకన్నా తెలిసినవాడు లేడు. ఆ జూన్‌కి ఆయన ఊపిరి సరిపోయేది. తర్వాతి జూన్‌కి సరిపోలేదు. ఇందులో ఆయన సగమేమీ లేదు.

కాంట్రాక్టరు ఇచ్చింది తొమ్మిది వందలు ఎక్కువ. తాళం ఇచ్చేటప్పుడు కొత్త సీటు కవరు కావాలని పట్టుబడితే వేసిచ్చాను, దానికి నూట యాభై. నికరంగా నాకు మిగిలింది ఏడువందల యాభై.